ఆవిడ కోసం ఆపిన సీటు

తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే బెడోక్ హాకర్ సెంటర్లో ఆదివారం పొద్దున టిఫిన్ వేళకి బల్ల దొరకడమంటే మాటలు కాదు. సింగపూర్ జనం దానికో ఉపాయం కనిపెట్టారు. ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేసి, తిండి తెచ్చుకోవడానికి నిశ్చింతగా వెళ్ళిపోతారు. దాన్ని చోప్ చేయడం అంటారు. మళ్ళీ వచ్చేదాకా ఆ బల్ల జోలికి ఎవరూ పోరు. ఊరంతా నమ్మిన ఈ ఏర్పాటుని నమ్మనివాడు ఒక్కడే, మధుసూదనరావు. "ఫ్యాను గాలికి ఎగిరిపోతే? బల్లలు తుడిచే ఆంటీ చెత్త అనుకుని తీసేస్తే?" అనేవాడు. అందుకని టిష్యూ ప్యాకెట్ బదులు తనే కూర్చునేవాడు. క్యూలో నిలబడే పని భార్య లలితకుమారిది.

ఆయన కూర్చోవడం కూడా ఒక తీరు. ఎదుటి కుర్చీ వీపు మీద ఒక చెయ్యి వేసి, వచ్చేపోయేవాళ్ళ వంక అనుమానంగా చూస్తూ ఉండేవాడు. ఎవరైనా ఆ కుర్చీ లాగబోతే, "సారీ, మై వైఫ్ కమింగ్" అనేవాడు. ఆ వైఫ్ ఒక పట్టాన వచ్చే రకం కాదు. జనం ఎక్కువున్న కొట్లోనే రుచి ఉంటుందని ఆవిడ నమ్మకం, వెతికి వెతికి పొడుగు క్యూలోనే నిలబడేది. అరగంటైనా సరే ఆయన కాలు కదిపేవాడు కాదు. "మధు అంకుల్ మా బెడోక్ టిష్యూ ప్యాకెట్" అని తెలుగువాళ్ళ పిల్లలు ఏడిపించేవారు. ఆయన అది బిరుదులా పుచ్చుకునేవాడు.

తుని పక్కనుంచి డ్రాఫ్ట్స్‌మన్‌గా వచ్చి, కొన్నాళ్ళు ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో గీతలు గీసి, తర్వాత రిటైరయ్యేదాకా టౌన్ కౌన్సిల్లో పనిచేశాడు. ఫ్లాట్లవాళ్ళ ఫిర్యాదులన్నీ ఆయన బల్ల దగ్గరికే వచ్చేవి. మూసుకుపోయిన తూములు, ఆగిపోయిన లిఫ్టులు, అన్నిటికన్నా ఎక్కువగా కారే సీలింగులు. ఇన్నేళ్ళు కారే సీలింగులు చూసి చూసి, ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు తలెత్తి పైకప్పు చూసిగానీ కూర్చునేవాడు కాదు. గృహప్రవేశాల్లో సత్యనారాయణ వ్రతం ఒక పక్క జరుగుతుంటే ఇంకో పక్క ఇంటాయన్ని బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి వాటర్‌ప్రూఫింగ్ గురించి క్లాసు పీకేవాడు. లలితకుమారికి తల కొట్టేసినట్టుండేది.

ఇద్దరూ అన్యోన్యంగా ఉండేవారా అంటే, లలితకుమారే నవ్వేస్తుంది. ఆవిడ చిన్నపిల్లల స్కూల్లో టీచరు. సాయంత్రానికి గొంతు పోయి ఇంటికొస్తే, ఈయన ఆ వేళ విన్న ఫిర్యాదులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. పుట్టినరోజు గుర్తుండేది కాదు, కొత్త చీర కట్టినా కంటికి ఆనేది కాదు. కానీ బయట అందరితోనూ, చివరికి సాటి తెలుగువాళ్ళతోనూ, ఫిర్యాదుల బల్ల దగ్గర అలవాటైన ఆ మర్యాద ఇంగ్లీషే మాట్లాడేవాడు. కూతురు రుచితతో సగం సగం. కడుపు నిండా తెలుగు మాట్లాడింది భార్య ఒక్కదానితోనే. పోట్లాటైనా, పాలకూర పప్పులో ఉప్పు తక్కువైనా, అంతా తుని తెలుగే.

టాలిన్ గొడవ అప్పట్లోనే మొదలైంది. ఎస్టోనియా రాజధాని టాలిన్. ఆ పాత ఊరి నడిమధ్య ఉన్న టౌన్‌హాలుని ఒకరోజు టీవీలో చూపించారు. కట్టి ఆరువందల ఏళ్ళు దాటింది. కొసదేలిన కమాన్లు, సన్నటి బురుజు, కప్పు అంచున డ్రాగన్ తలలు. వాన పడితే నీళ్ళు ఆ డ్రాగన్ల నోట్లోంచి బయటికి దూకుతాయట. మధుసూదనరావు అన్నం కలిపిన చేత్తో లేచి నిలబడ్డాడు.

"చూశావటే లలితా! వాళ్ళ టౌన్ కౌన్సిలే అది. ఆరొందల ఏళ్ళు! మనవి ముప్ఫై ఏళ్ళకే కారి చస్తున్నాయి. వానలో చూడాలే దాన్ని. వానలోనే చూడాలి."

అందరూ పారిస్ వెళ్ళి టవర్ ముందు ఫొటో దిగుతారు, మా ఆయనకి తూములు చూడాలని కోరిక అని ఆవిడ నలుగురిలో చెప్పి నవ్వించేది. రిటైరయ్యాక వెళ్దాం అనుకున్నారు. రిటైరయ్యాక జబ్బు వచ్చింది.

మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. పొద్దున్నే షర్టు టక్ చేసుకుని పక్క బ్లాకు కింద నిలబడి పైపులు చూసేవాడు. పాత అలవాటనుకున్నారు. తర్వాత లిఫ్టులో నంబరు మరిచిపోయాడు. తర్వాత తన చెల్లెలు పోయిందన్న సంగతి మరిచిపోయి, ఫోన్ చెయ్యలేదని ఆ చెల్లెలి మీదే అలిగాడు. డాక్టరమ్మ బొమ్మలు గీసి మరీ చెప్పింది, మెదడులో ఏం జరుగుతోందో, ముందు ముందు ఏం జరుగుతుందో. రుచిత నర్సింగ్ హోమ్‌ల గురించి వాకబు చేయడం మొదలుపెట్టింది. చెడ్డ పిల్ల కాదు. సైన్స్ పార్క్‌లో ఉద్యోగం, వారానికి మూడు సార్లు వచ్చి పోతుంది, తల్లి చిక్కి సగమవడం కళ్ళారా చూస్తోంది.

"అమ్మా, యూ కాంట్ డూ దిస్ అలోన్. నువ్వు పడిపోతే ఇద్దర్నీ ఎవరు చూస్తారు?"

"మీ నాన్న పొద్దున్న లేవగానే ఏమంటారో తెలుసా? 'లలితా, కాఫీ అయిందా?' అంటారు. ఆ పిలుపు ఉన్నన్నాళ్ళు ఎక్కడికీ పంపను. నన్ను పోల్చుకున్నంత కాలం నా ఇంట్లోనే ఉంటారు. ఇంక ఆ మాటెత్తకు" అంది లలితకుమారి.

అప్పట్నుంచి ఆవిడకి ప్రతి తెల్లవారూ ఒక పరీక్ష అయిపోయింది. ముందే మెలకువొచ్చినా కళ్ళు మూసుకుని పడుకునేది. పక్కనుంచి "లలితా" అని వినపడగానే ప్రాణం లేచొచ్చేది. లేచి డికాక్షన్ దించేది. ఆ మాట ఒక రోజు రాదని ఆవిడకి తెలుసు. తెలిసినదాన్ని రోజూ ఒక రోజు వెనక్కి నెట్టడమే ఆవిడ చేస్తున్న కాపురం.

ఆయన్ని కనిపెట్టుకుని ఉండటంలో ఆవిడకి ఒక కిటుకు దొరికింది. తాళం వేస్తే తలుపులు బాదేవాడు, చెయ్యి పట్టుకుంటే విదిలించుకునేవాడు. కానీ ఒక కుర్చీలో కూర్చోబెట్టి, పక్క కుర్చీ చూపించి, "ఏవండీ, నాకు సీటు ఆపండి, ఇప్పుడే వస్తా" అంటే చాలు, కొయ్యబారినట్టు కూర్చునేవాడు. బుర్రలో అన్నీ చెరిగిపోతున్నా అది చెరగలేదు. ఆవిడ దాన్ని ఎడాపెడా వాడింది. ఆస్పత్రిలో మందుల క్యూకి వెళ్ళాలన్నా, మార్కెట్లో చేపలు కొనాలన్నా అదే మంత్రం. తిరిగొచ్చేసరికి ఖాళీ కుర్చీ మీద చెయ్యి వేసుకుని, ఆవిడ కనపడగానే "ఎంతసేపే!" అని విసుక్కునేవాడు. ఆ విసుగు ఎంత తియ్యగా ఉండేదో ఆవిడకే తెలుసు.

"టాలిన్ వెళ్దాం" అని ఆవిడే అంది. రుచిత ముక్కున వేలేసుకుంది. ఈ స్థితిలో విమానమా అంది. డాక్టరమ్మ కూడా కొత్త చోటు మంచిది కాదంది. లలితకుమారి ఎవరి మాటా చెవిన పెట్టలేదు. ఆ కప్పు, ఆ తూములు చూస్తే పాత మనిషి ఒక్కసారి తిరిగొస్తాడని ఆశ. ఆశ పుట్టాక బుద్ధి ఎవరికి పనిచేస్తుంది? చివరికి రుచిత సెలవు పెట్టి వెంట వచ్చింది. సెలవంటే సెలవు కాదు, లాప్‌టాప్ చంకలో పెట్టుకుని.

వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం రుచితకి ఆఫీసు మీటింగు ఉంది. హోటల్ టౌన్‌హాలుకి పక్క సందులోనే. ఇంతలో వాన పట్టుకుంది. లలితకుమారికి కాలు నిలవలేదు. వాన వెలిసిపోతే ఇంత దూరం వచ్చిందెందుకు? ఆయనకి స్వెట్టరు మీద రెయిన్‌కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

గుండ్రాళ్ళు పరిచిన చదరం, చుట్టూ రంగురంగుల పాత ఇళ్ళు, ఒక పక్కన బూడిద రంగు రాతితో టౌన్‌హాలు. బురుజు మేఘాల్లోకి పోయింది. కప్పు అంచున రాగి డ్రాగన్లు రెక్కలు విప్పి, నోళ్ళు తెరిచి, నీళ్ళని గోడకి బారెడు దూరంలో కుమ్మరిస్తున్నాయి. మధుసూదనరావు ఆగిపోయాడు. తల ఎత్తాడు. రెయిన్‌కోటు టోపీ వెనక్కి జారి నెత్తి తడుస్తున్నా పట్టించుకోలేదు. మొహంలో ఏదో కదిలింది.

"లలితా! చూడవే! గోడకి అంటకుండా విసురుతోంది చూడు. గోడ తడిస్తే అయిపోయినట్టే. నేను అదేగా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వినలేదు వెధవలు!"

ఆవిడ కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆయన ఆగలేదు. కప్పు వాలు గురించి, రాగి ఎందుకు వాడారో, రాళ్ళ మధ్య సున్నం గురించి, ఒక్క మాట తడుముకోకుండా చెప్పుకుపోయాడు. తుని తెలుగులో, ఇరవై ఏళ్ళ కిందటి గొంతుతో. ఆ గొంతు మళ్ళీ వింటాననుకోలేదు ఆవిడ. వానలో తడుస్తూ నిలబడి, అర్థమైనా కాకపోయినా ప్రతిదానికీ ఊ కొట్టింది. డాక్టరమ్మ ఇక్కడుంటే బాగుండును అనుకుంది. గెలిచాననుకుంది.

లోపలికి వెళ్ళారు. పెద్ద హాలు, మధ్యలో లావుపాటి రాతి స్తంభాలు, వాటి మీదినుంచి గొడుగు ఊచల్లా విచ్చుకున్న కమాన్లు. ఆయన అలవాటుగా పైకి చూశాడు, ఎక్కడా చెమ్మ లేదు. కానీ అప్పటికే అలిసిపోయాడు. చేతులు వణుకుతున్నాయి, పెదాలు పాలిపోయాయి. గోడ పక్కన సందర్శకుల కోసం వేసిన బెంచీ మీద కూర్చోబెట్టింది. వేడిగా ఏదైనా తాగిస్తే తేరుకుంటాడు. చదరానికి అవతల కాఫీ కొట్టు కనపడుతోంది. రుచితకి ఫోన్ చేస్తే ఎత్తలేదు, మీటింగులో ఉంది. లలితకుమారి తన సంచీ ఆయన పక్కన పెట్టింది.

"ఏవండీ, నాకు సీటు ఆపండి. కాఫీ తెస్తా."

ఆయన సంచీ మీద చెయ్యి వేసి తలూపాడు. బెడోక్‌లో అయితే ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్కడ అన్నీ తెలిసిన వాసనలు, తెలిసిన రొద, తెలిసిన కుర్చీ. ఇక్కడ ఆయన ఆనుకోవడానికి ఆవిడ ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ తలుపు దాటి వెళ్ళిపోయింది. ఇది ఆవిడకి తట్టలేదు.

ఓడ దిగిన టూరిస్టులు కాఫీ కొట్లో కిక్కిరిసి ఉన్నారు. ఈసారి ఆవిడ పొడుగు క్యూ కోరుకోలేదు, కానీ దొరికింది అదే. రెండు కప్పులు పట్టుకుని గుండ్రాళ్ళ మీద జారకుండా వచ్చేసరికి చాలాసేపే పట్టింది. ఆయన కూర్చున్నచోటే ఉన్నాడు. కదల్లేదు. ఆవిడ గుండె కుదుటపడింది. సంచీ తీసి పక్కన కూర్చోబోయింది.

ఆయన సంచీ గట్టిగా పట్టుకున్నాడు.

"సారీ, ఆంటీ. సీట్ టేకెన్. మై వైఫ్ కమింగ్."

ఆవిడ నవ్వింది. వేళాకోళమనుకుంది. ఆయన మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చున్నప్పటి మొహం అది. మర్యాదగా, ఓపిగ్గా, పరాయిగా.

"ఏవండీ, నేనండీ. లలితని."

"అండర్‌స్టాండ్, ఆంటీ, అండర్‌స్టాండ్. బట్ ప్లీజ్, అదర్ సైడ్ సిట్."

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడతో ఇంగ్లీషు మాట్లాడటం అదే మొదలు. కాఫీ చేతిమీద ఒలికినా ఆవిడకి తెలియలేదు. బతిమాలింది. రుచిత పేరు చెప్పింది, తుని పేరు చెప్పింది, తన మెడలో మంగళసూత్రం తీసి చూపించింది. ఆయన ఇబ్బందిగా చూపు తిప్పుకున్నాడు. ఆవిడ బయటికి వెళ్ళి, మొహం తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచి నడిచొచ్చింది, ఈసారైనా "ఎంతసేపే" అంటాడేమోనని. ఆయన ఆవిడ భుజం మీదుగా తలుపు వంక చూస్తున్నాడు. ఇంకెవరి కోసమో.

బెంచీ రెండో చివర, ఆయనకి అభ్యంతరం లేనంత దూరంలో కూర్చుంది. కాసేపటికి ఆయనే మాట కలిపాడు, తోటి సింగపూర్ మనిషి కనపడితే కలిపినట్టు. మా ఆవిడ ఎప్పుడూ ఇంతేనండీ అన్నాడు ఇంగ్లీషులో. వెతికి వెతికి పొడుగు క్యూలో నిలబడుతుంది. కానీ తన చేతి కాఫీ లాంటిది మీకు ఎక్కడా దొరకదు. పొద్దున్నే లేచేది నా కోసమే. నేను ఎప్పుడూ చెప్పలేదు అనుకోండి. ఇలాంటివి చెప్పుకుంటామా.

ఆ మాటలు వినాలని ఆవిడ ఒక వయసులో ఎంత కొట్టుకుందో. ఇప్పుడు వింది, పరాయిదానిలా.

హాలు మూసే వేళైంది. యూనిఫారంలో ఉన్న అమ్మాయి వచ్చి మెల్లగా చెప్పింది. ఆయన లేవనన్నాడు. నేను లేస్తే మా ఆవిడ నన్ను ఎలా కనుక్కుంటుంది అన్నాడు. గొంతు పెరిగింది. బెంచీ అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. అమ్మాయి కంగారుపడి ఇంకెవరినో పిలవబోయింది. అప్పుడు లలితకుమారి లేచి ఆయన ముందు నిలబడింది. మొగుణ్ణి అంకుల్ అని పిలిచింది.

"అంకుల్, యువర్ వైఫ్ సెండ్ మీ. షీ వెయిటింగ్ ఎట్ హోటల్."

ఆయన మొహం వికసించింది. "ఓ! వై నెవర్ సే?" అని గబగబా లేచాడు. సంచీ తనే పట్టుకున్నాడు, అది భార్యది కదా. ఆవిడ చెయ్యి అందిస్తే, వద్దన్నట్టు నవ్వి, ఒక అడుగు ఎడంగా నడిచాడు.

హోటల్ గది తలుపు రుచిత తీసింది. ఆయన కూతుర్ని పోల్చుకున్నాడు. "రుచీ, అమ్మ ఏదమ్మా?" అన్నాడు. రుచిత తల్లి వంక చూసింది. తల్లి గోడకి ఆనుకుని అక్కడే కూలబడింది.

సింగపూర్ వచ్చాక సర్దుకుంటుందన్నారు. ప్రయాణం బడలిక అన్నారు. ఇంటికొచ్చిన మర్నాడు తెల్లారి లలితకుమారి కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. పిలుపు రాలేదు. అసలు ఆయన పక్కన లేడు. హాల్లో సోఫా మీద, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పరాయి ఆడమనిషి ఉన్న గదిలో పడుకోవడం ఆయన వల్ల కాలేదు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. అన్నం పెడితే థాంక్యూ అని తినేవాడు. మందులు మింగేవాడు. కానీ ఆవిడ ఒంటి మీద చెయ్యి వేస్తే ఒప్పుకునేవాడు కాదు. స్నానం చేయించబోతే చొక్కా రెండు చేతులా దగ్గరికి లాక్కుని, "నో, ఆంటీ. మై వైఫ్ విల్ ఫీల్ బ్యాడ్" అనేవాడు. కళ్ళలో నిజమైన భయం. తడిసిన బట్టలు మార్చనిచ్చేవాడు కాదు. ఒకరోజు బాత్రూమ్ గడియ పెట్టుకుని లోపల జారి పడ్డాడు. తలుపు పగలగొట్టి తీశారు. నెత్తురు కారుతున్నా, ఆవిడ తువ్వాలు చుట్టబోతే వద్దని చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

ఆయన నిష్ఠ చూసి ఆవిడకి గర్వపడాలో గోడకేసి తల కొట్టుకోవాలో తెలియలేదు. కట్టుకున్నదాని కోసమే కట్టుకున్నదాన్ని దగ్గరికి రానివ్వడం లేదు. మరిచిపోయి ఇష్టం వచ్చినట్టు తిట్టినా, కొట్టినా ఓర్చుకునేది. ఇంత గౌరవంగా దూరం పెడితే ఏం చేస్తుంది? రుచిత పాత మాట గుర్తు చెయ్యలేదు. లలితకుమారే ఒక సాయంత్రం, "ఆ హోమ్‌తో మాట్లాడు" అంది. అని, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది.

నర్సింగ్ హోమ్ బస్సులో నాలుగు స్టాపుల దూరం. అక్కడ యాకూబ్ అనే మగ నర్సు ఉన్నాడు. మెత్తని మనిషి, "బ్రదర్" అని పిలిచి ఒళ్ళు రుద్దితే ఆయన పసిపిల్లాడిలా నిలబడతాడు. శుభ్రంగా ఉన్నాడు, ఒళ్ళు కూడా చేశాడు. లలితకుమారి ఇంట్లో ఆయన పేరుతో చేసే పని ఒక్కటీ మిగల్లేదు. రోజూ మధ్యాహ్నం వెళ్తుంది. ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్తుంది. ఆయన తాగి, బాగుందంటాడు. ఆవిడ ఎవరని ఇప్పుడు అడగడు.

మొన్నొక మధ్యాహ్నం కాఫీ తాగకుండా కప్పు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"యూ కమ్ ఎవ్రీ డే, ఆంటీ. సో గుడ్ ఆఫ్ యూ" అన్నాడు. "మై వైఫ్, నాట్ ఈవెన్ వన్ టైమ్."

"వస్తారండీ. ఒంట్లో బాగోలేదేమో" అంది లలితకుమారి.

ఆయన తల అడ్డంగా ఊపాడు. లేదు, నాతో విసిగిపోయింది, నన్ను ఇక్కడ వదిలేసి వెళ్ళిపోయింది అన్నాడు. తల్లి పోయినప్పుడు కూడా తడవని కళ్ళు తడిశాయి. కన్నీళ్ళు చెంపల మీదికి జారుతుంటే తుడుచుకోవడం తెలియక అలాగే కూర్చున్నాడు. ఆవిడ ఉండబట్టలేక చీర చెంగు పట్టుకుని ఆయన మొహం దగ్గరికి చెయ్యి చాపింది.

ఆయన మర్యాదగా తల పక్కకి తిప్పుకున్నాడు.